చదవడం వచ్చీ చదవని కాగితం

హెలికాప్టర్ మమ్మల్ని దించి, ఇంజన్ ఆపకుండానే వెళ్లిపోయింది. పొద్దున పదకొండు గంటలు. ఎండ ఉంది, వేడి లేదు. కాళ్ల కింద మంచు గాజులా గట్టిగా ఉంది. నా దగ్గర ఒక కిట్ బ్యాగు, ఒక రైఫిలు, రేడియో సెట్టుకు రెండు కొత్త బ్యాటరీలు. బ్యాటరీలను కోటు లోపల పెట్టుకున్నాను. చలికి మనిషి కంటే ముందు అవే చస్తాయని కింద చెప్పి పంపారు.

ఆ కొండ పేరు రాయను. ఉత్తరాన ఉంది, అంతే. పేరు చెప్పకపోతే నమ్మరేమో అని కొందరికి అనుమానం. నమ్మకపోతే మానెయ్యండి.

దక్షిణం వాలులో ఏడు గుడిసెలు. ఫైబర్ గోడలు, మధ్యలో కిరోసిన్‌తో మండే బుఖారీ పొయ్యి. మసి ముక్కులోకి, ముక్కులోంచి చేతిరుమాలు మీదకి. పైన రాళ్లు పేర్చిన కాపలా మోర్చాలు. వాటి అవతల లోయ. లోయ అవతల వాళ్లు.

నేను సిగ్నల్ మనిషిని. అంటే రేడియో వాణ్ని. నా గుడిసె తలుపు తీయగానే లోపల కూర్చున్న నాయక్ ర్యాంకు మనిషి తల ఎత్తి, నా మొహంకేసి కాసేపు చూసి తెలుగులో అన్నాడు.

"ఏట్రా, క్యాంప్ వన్ గుంటడివి కదేటి? రిగ్గర్ల లైన్లో నీళ్ల కుళాయి పక్క ఇల్లు?"

భిలాయిలో మా వీధి. మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఇల్లు అతనిది. అతని నాన్న, మా నాన్న శ్రీకాకుళం నుంచి ఒకే రైల్లో వచ్చి, ఉక్కు ప్లాంటు కట్టేటప్పుడు ఒకే తాడు పట్టుకుని దూలాలు ఎత్తినవాళ్లు. నాకంటే ఆరేళ్లు పెద్ద. అంత మంచులో ఆ యాస వినేసరికి కిట్ బ్యాగు గుమ్మంలోనే పడేశాను.

"అన్నా, నువ్వా?"

"నానే. తలుపు ముయ్యి ముందు. చలంతా లోపలికొచ్చెత్తంది."

అతను సైఫర్ ట్రేడ్ మనిషి. సైఫర్ అంటే రహస్య లిపి. పై నుంచి వచ్చే ముఖ్యమైన సందేశం మాటల్లో రాదు, ఐదేసి అంకెల గుంపులుగా వస్తుంది. నాలాంటివాడు ఆ అంకెలు విని రాసుకుంటాడు. వాటిని మాటలుగా విప్పేది సైఫర్ మనిషి. దానికి ప్రత్యేక అనుమతి ఉండాలి. మనిషి గురించి, ఇంటి గురించి, అలవాట్ల గురించి విచారించి ఇచ్చే అనుమతి అది. అది ఉన్నవాడే లిపి పుస్తకం దాచే ఇనప పెట్టె ముట్టుకోవాలి. లేనివాడు సైఫర్ గదిలోకి తొంగి చూసినా నేరమే.

నేను దిగిన రోజున అతనికి ఆ అనుమతి లేదు. తీసేశారు. మామూలు రేడియో డ్యూటీ చేస్తున్నాడు. కారణం తాగుడు.

ఆ తాగుడు నాకు తెలుసు. నేను సైన్యంలో చేరకముందు ఒక దసరాకి అతను సెలవు మీద వచ్చాడు. ఆదివారం బజారు గోడ పక్కన పడి ఉంటే, కూరల ఠేలా బండి ఒకటి అడిగి తెచ్చి, దాని మీద పడుకోబెట్టి, నేను ముందు లాగితే మా అమ్మ వెనక తోసింది. ఇంటికి తెచ్చి మొహం కడిగింది కూడా ఆవిడే. ఆ తర్వాత అతను ఎలా మానేశాడన్నది ఆ కొండ మీదే విన్నాను.

"ఒక పొద్దుట సెయ్యి వణికి ఒక గుంపు తప్పు పంపీసేన్రా. ఎవుడూ పట్టుకోలేదు. మరోమాటు పంపి సరిసేసేను. గానీ నాకు నిద్దర పట్లేదు. మర్నాడు నానే డాక్టరు సాబ్ కాడికెల్లి, నాకు మందు మాన్పించండి అన్నాను."

చూడండి. తనంతట తాను వెళ్లాడు. ఆసుపత్రిలో ఉంచారు, మాన్పించారు, సెలవు నుంచి వచ్చాక మళ్లీ పరీక్షించారు, ఒంట్లో తేడా లేదని డాక్టర్లే రాసిచ్చారు. కొండెక్కే ఆరోగ్యం ఉందన్నారు. కానీ అనుమతి మాత్రం చెప్పిన రోజే పోయింది. రోజూ సాయంత్రం తాగి, పొద్దుట యాలకులు నమిలి డ్యూటీకి వచ్చేవాళ్ల అనుమతులు చెక్కు చెదరలేదు. ఎందుకంటే వాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లలేదు! నేను చదివింది ఎనిమిదో తరగతి. మిగతాదంతా సిగ్నల్ గదుల్లో దొరికిన రూలు పుస్తకాలు, పాత పత్రికలు చదువుకుని సంపాదించిందే. ఏ రూలు పుస్తకంలోనూ నిజం చెప్పినవాణ్ని ముందు కొట్టాలని లేదు. ఇప్పటికీ ఈ మాట వస్తే నాకు కోపం ఆగదు.

అనుమతి తిరిగి రాకపోతే అతని ట్రేడ్ పోతుంది. ట్రేడ్ పోతే ప్రమోషన్ లేదు. సర్వీసు గడువు దగ్గర పడుతోంది. నాయక్‌గానే ఇంటికి. అనుమతి కోసం పెట్టుకున్న దరఖాస్తు పై ఆఫీసులో ఉంది. మేమంతా ఆ జవాబు కోసం చూస్తున్నాం.

మా మేజర్ గఢ్వాల్ మనిషి. పొట్టివాడు, మాట తక్కువ. అతను చేసిన ఒక పని చెప్పాలి. అంత ఎత్తులో వారానికి రెండు సాయంత్రాలు రమ్ము ఇస్తారు. ఆ రమ్ము సీసాల గదికి తాళం ఉంటుంది. ఆ తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలన్న గొడవ ప్రతి పోస్టులోనూ ఉండేదే. మేజర్ దాన్ని మా నాయక్ మెడలో వేశాడు. గుర్తింపు బిళ్ల పక్కన అదే గొలుసుకి.

వంటవాడు బిలాస్‌పూర్ వైపు మనిషి, నోటి దురుసు. "సాబ్, పిల్లికి పాల గిన్నె ఇచ్చారా?" అన్నాడు.

మేజర్ చపాతీ తుంచుతూ అన్నాడు. "ఇన్నాళ్లూ నీ దగ్గరే ఉందిగా. ప్రతిసారీ ఒక సీసా ఆవిరైపోయేది."

నాయక్ చిన్న గిన్నెతో కొలిచి పోసేవాడు. గ్లవ్ తీసి, ఒట్టి చేత్తో. చలికి వేళ్లు తెల్లబడేవి. చుక్క ఒలికేది కాదు, చుక్క తగ్గేది కాదు. నాయక్ మగ్గులో మాత్రం వంటవాడు నల్ల టీ పోసేవాడు. అందరూ మగ్గులు ఎత్తినప్పుడు ఒక మగ్గు ఖాళీగా ఉండకూడదు, అది అక్కడి పద్ధతి. రంగు ఒకటే. కొత్తవాళ్లకి తేడా తెలిసేది కాదు.

"తాగు తాగు, ఈసారి టీ పన్నెండేళ్ల పాతది," అనేవాడు వంటవాడు.

"నీ కంటే పాతదా?" అనేవాడు నాయక్.

అలా ఉండగా పోస్టులో ఉన్న ఒక్క సైఫర్ హవల్దారుకి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఎత్తు మీద వచ్చే జబ్బు. హెలికాప్టర్ వచ్చి తీసుకుపోయింది. ఇనప పెట్టెకి సీలు వేసి మేజర్ మంచం కింద పెట్టారు. సీలు తీసే హక్కు మేజర్‌కి ఉంది, విప్పే పని రాదు. పని వచ్చినవాడు పక్క గుడిసెలో ఉన్నాడు, హక్కు లేదు. బదులు మనిషిని పంపమంటే కింద కూడా ఖాళీ లేరన్నారు. మేజర్ ఒక్క వాక్యం పంపాడు: నాయక్ దరఖాస్తు సంగతి తేల్చండి.

వారం తిరక్కుండా కింద నుంచి ఒక కెప్టెన్ వచ్చాడు. విచారణ ఆఫీసు మనిషి. చంకలో ఫైలు. ఎత్తు పడక తల పట్టుకుని కూర్చున్నాడు. అది రమ్ము సాయంత్రం. మగ్గులు ఎత్తాం. కెప్టెన్ లేచి, నేరుగా నాయక్ దగ్గరికి వెళ్లి, చెయ్యి చాపాడు. నాయక్ మగ్గు ఇచ్చాడు. వాసన చూశాడు.

"చాయ్," అన్నాడు.

"చక్కెర తక్కువైంది సాబ్, క్షమించండి," అన్నాడు వంటవాడు.

మేమందరం గెలిచాం అనుకున్నాం. కెప్టెన్ నవ్వలేదు. మర్నాడు పొద్దుట నాయక్‌నీ, అదే వీధివాణ్నని నన్నూ మేజర్ గుడిసెకి పిలిచి ఫైలు తీశాడు.

"నువ్వు ఏళ్ల తరబడి తాగానని రాశావు. పడిపోయేంత తాగానన్నావు. మా మనిషి భిలాయిలో మీ వీధికి వెళ్లాడు. అక్కడ ఇల్లిల్లూ అడిగాడు. మీ వీధిలో ఒక్కరు కూడా నువ్వు తాగడం చూడలేదు. ఇందులో అబద్ధం ఎవరిది?"

ఏం జరిగిందో మాకు ఆ క్షణంలోనే అర్థమైంది. నాయక్ నాన్న వీధంతా తిరిగి ఉంటాడు. మనోడి ఉద్యోగం, అందరం ఒక మాట మీద ఉండాలి అని ఉంటాడు. క్యాంప్ వన్‌లో ఖాకీ మనిషి ఎవడొచ్చి ఏది అడిగినా జవాబు ఒకటే. మేం చూడలేదు, మాకు తెలీదు, మా గుంటడు బంగారం. ప్లాంటు కట్టిన రోజుల నుంచి అదే అలవాటు. కాంట్రాక్టరు మనుషులొచ్చి ఎవరు సమ్మెకి వెళ్లారని అడిగినప్పుడు నేర్చుకున్న జవాబు అది. మంచి మనసుతోనే చెప్పారు. అతని మెడకి ఉరి పేనారు.

కెప్టెన్ కాగితం చూసి చదివాడు. పక్కింటి క్రిస్టియన్ ఆంటీ, జన్మలో అబద్ధం ఎరగని మనిషి, అతను ద్రాక్షరసం కూడా ముట్టడని చెప్పిందట. తర్వాతి పేరు మా అమ్మది.

"మజ్జిగ తప్ప ఏమీ తాగడు అందిట ఈవిడ."

నాయక్ తల వంచుకుని నవ్వు ఆపుకున్నాడు. నాకు నవ్వు రాలేదు.

"కెప్టెన్, తాగుడు ఒక్కటే కారణమైతే..." అని మేజర్ మొదలెట్టాడు.

కెప్టెన్ చెయ్యెత్తాడు. "తాగుడు ఒక్కటే కారణమైతే మా ఆఫీసులో సగం గదులకి తాళం వేయాలి సర్. తాగి మానేసినవాళ్లకి అనుమతి తిరిగి ఇచ్చిన సందర్భాలున్నాయి. వైద్యం పూర్తయిందా, తర్వాత ముట్టుకోకుండా ఎంతకాలం ఉన్నాడు, పై అధికారి ఏమంటాడు, ఇవి చూస్తాం. అవన్నీ ఇతనికి బాగున్నాయి. నేను చూసేది ఇంకొకటి. ఇతను దేన్నైనా దాస్తాడా? దాచినదాన్ని పట్టుకుని రేపు ఎవడైనా ఇతన్ని లొంగదీసుకోవచ్చా? ఫైల్లో రెండు కథలున్నాయి. ఒకటి అబద్ధమని తేలకుండా నేను సంతకం పెట్టను."

అంటే అతను తాగుబోతని రుజువు చేసుకోవాలి! తాను తాగలేదని సాక్షుల్ని తెచ్చుకున్నవాళ్లని చూశాను. తాగానని తెచ్చుకోవలసిన మనిషిని ఆ ఒక్కణ్నే చూశాను.

"సాక్షి ఉన్నారా?" అన్నాడు కెప్టెన్.

నేను నిలబడ్డాను. దసరా, బజారు గోడ, ఠేలా, అంతా చెప్పాను.

"ఠేలా తోసింది ఎవరు?"

"మా అమ్మ సాబ్."

"మజ్జిగ అన్న ఆవిడేనా?"

"ఆవిడే."

"అంటే మీ అమ్మ ప్రభుత్వ మనిషితో అబద్ధం ఆడింది."

బుఖారీ గుర్రుమంటోంది. నాయక్ నా చెయ్యి పట్టుకుని తెలుగులో గొణిగాడు. "వొద్దురా తమ్ముడూ. పిన్నిని ఇందులోకి లాగకు. పోతే పోనీ."

"అవును సాబ్. ఆడింది."

"రాసుకోనా?"

"రాసుకోండి."

పెన్నులో సిరా గడ్డ కట్టింది. కెప్టెన్ పెన్సిలుతో రాసుకున్నాడు. మధ్యాహ్నం హెలికాప్టర్‌లో వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం గాలి మారింది. మర్నాటి నుంచి మంచు పడుతూనే ఉంది. దారి మూసుకుపోయింది. హెలికాప్టర్ మాటే లేదు.

పదో రోజు పొద్దుట తొమ్మిదికి నా సెట్టులో మా పోస్టు పిలుపు వచ్చింది. వెనకే అంకెలు. రాసుకున్నాను. నలభై ఒక్క గుంపు. మేజర్‌కి ఇచ్చాను. ఆయన చెప్పింది కిందికి చెప్పాను.

"అందింది. విప్పే మనిషి లేడు. మామూలు మాటల్లో పంపండి. ఓవర్."

"వీలు కాదు. సందేశం మీ సైఫర్ మనిషి గురించే. విప్పుకోండి. ఓవర్."

"విప్పడానికి అతనికి అనుమతి లేదు. ఓవర్."

"అనుమతి సంగతి సందేశంలో ఉంది. ఔట్."

విన్నారా? అనుమతి ఉందో లేదో చెప్పే కాగితాన్ని, అనుమతి ఉంటే తప్ప చదవకూడని లిపిలో పంపారు. ఇలాంటి బుర్రల్ని ఎక్కడ తయారుచేస్తారో! హెడ్‌ఫోన్స్ తీసి నేల మీద కొట్టబోయాను. ప్రభుత్వ సామానని గుర్తొచ్చి మెల్లగా పెట్టాను.

మేజర్ నాయక్‌ని పిలిచాడు. వంటవాడూ టీ వంకతో వచ్చి నిలబడ్డాడు. మేజర్ పెట్టె మంచం కింద నుంచి లాగి, కాగితం దాని మీద పెట్టాడు.

"నేను సీలు తీస్తాను. తీసి పొయ్యి వైపు తిరిగి చేతులు కాచుకుంటాను. నువ్వు చదువు. నేను చూడలేదు."

"చదవను సాబ్."

"ఇది ఆర్డరనుకో."

"ఆర్డరైతే మంచులో నిలబడమనండి, నిలబడతాను. ఇది అనుమతి వచ్చాక చదువుతాను."

వంటవాడికి ఒళ్లు మండింది. "వచ్చిందో లేదో అందులోనే ఉంది కదరా మొద్దు! పావుగంట పని. ఇక్కడ ఎవడు చూశాడు? ఆ కొండ అవతలవాళ్లు చూస్తారా?"

నాకూ అదే అనిపించింది. తెలుగులో బతిమాలాను. "అన్నా, చదివెయ్యి. పది రోజులై తిండి సరిగ్గా తినట్లేదు నువ్వు. అందులో ఏముందో తెలిస్తే నిద్రయినా పడుతుంది."

అతను నాకేసి తిరిగాడు. కోపం లేదు. అలసట ఉంది.

"ఒరే, అందులో 'ఇచ్చేం' అని ఉందనుకో. నాను ఇప్పుడు సదివేసరికి, అది ఇవ్వకూడని మనిసికి ఇచ్చినట్టయిపోద్ది. 'ఇవ్వం' అని ఉందనుకో, ఆల్లు కరెక్టుగా సెప్పేరనుకోవాలి. ఎటైనా నానే ఓడిపోతాను. ఆ సీసా మానీసింది ఇందుకేటి?"

మేజర్‌కి తెలుగు రాదు. తర్జుమా అడగలేదు. కాగితం మడిచి, పెట్టె మీదే ఉంచాడు. "సరే. ఇక్కడే ఉంటుంది," అన్నాడు.

ఆరు రోజులు ఉంది. డ్యూటీ మీద మేజర్ గుడిసెకి వెళ్లినప్పుడల్లా చూసేవాణ్ని. రమ్ము సాయంత్రాలు వచ్చాయి. అతను తాళం తీశాడు, కొలిచాడు, పోశాడు. చెయ్యి వణకలేదు. ఎవరూ జోకులు వేయలేదు. వంటవాడు మాత్రం అతని టీలో అడగకుండానే రెండు చెంచాల చక్కెర వేసేవాడు.

ఏడో రోజు ఆకాశం తెరుచుకుంది. హెలికాప్టర్ దిగింది. కెప్టెనే వచ్చాడు, వెంట కొత్త సైఫర్ హవల్దారు. కెప్టెన్ తలుపు దగ్గరే అడిగాడు.

"చదివావా?"

"లేదు సాబ్."

కెప్టెన్ మేజర్‌కేసి చూశాడు. మేజర్ తల ఊపాడు. "నేను చెప్పాను. వినలేదు."

మేజర్ సీలు తీశాడు, హవల్దారు పుస్తకం తెరిచి అంకెలు విప్పాడు. పావుగంట. పెన్సిలు చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత కాగితాన్ని ముందు నాయక్‌కి ఇవ్వబోయి, పద్ధతి గుర్తొచ్చి మేజర్‌కి ఇచ్చాడు. మేజర్ చదివి, నాయక్ భుజం మీద ఒక దెబ్బ వేశాడు.

"ఇచ్చారు. ఏడాది పాటు నా పర్యవేక్షణలో. రమ్ము తాళం చెవి మాత్రం తిరిగి ఇవ్వకు."

వంటవాడు గరిటె పెట్టి డబ్బా వాయించాడు. నాయక్ బయటికి వెళ్లి, మోర్చా రాళ్ల దగ్గర మొహం గాలికి పెట్టి కాసేపు నిలబడి, లోపలికి వచ్చి, "పెట్టె ఎక్కడ పెడదాం?" అన్నాడు.

చలికాలం అయ్యాక నా వంతు ముగిసింది. దుర్గ్‌లో రైలు దిగి, టెంపో ఎక్కి, పవర్ హౌస్ స్టాపు దగ్గర దిగి నడిచాను. ప్లాంటు పొగ కనిపించింది. ఆ ఎర్రటి దుమ్ము వాసన పీల్చుకుంటూ ఇంటికి వచ్చాను. మా అమ్మ అన్నం పెట్టింది. పెరుగు వేసేటప్పుడు మొదలెట్టింది.

"ఆ గవర్నమెంటోడు మల్లా వొచ్చేడు. నీ కొడుకే సెప్పేడు, నువ్వు అబద్దమాడేవని అన్నాడు. నా పరువేటి అవ్వాలి?"

"నువ్వేమన్నావమ్మా?"

"ఏటంటాను? అవును బావూ, ఠేలా నానే తోసేను, ఈ సేతుల్తోనే మొకం కడిగేను అన్నాను. మరి మజ్జిగ అన్నావేటి అన్నాడు. ఇప్పుడు మజ్జిగే తాగుతున్నాడు కదేటి, అది మాత్రం అబద్దమా అన్నాను."

"వాడేమన్నాడు?"

"నవ్వేడు. టీ ఇస్తావా అమ్మా అన్నాడు. ఇచ్చేను. పక్కింటి ఆంటీ ఇంటికీ ఎల్లేడు. అది ఏడిసి ఒప్పుకుందట."

అప్పటికి తెలిసింది. ఆ నలభై ఒక్క గుంపుల వెనక మా అమ్మ సాక్ష్యం ఉంది.

నాయక్ తర్వాత చాలా ఏళ్లు సైఫర్ గదుల్లో పనిచేసి సుబేదారుగా దిగాడు. ఇప్పుడు భిలాయి పక్కనే జాముల్‌లో ఉంటున్నాడు. నేను వైశాలి నగర్‌లో. ఆదివారాలు వస్తాడు. నల్ల టీ తాగుతాం. మా ఇద్దరికీ మోకాళ్లు పోయాయి, నాలుకలు పోలేదు. నాకు ఏ లోటూ లేదు. ఒక్క కోపం తప్ప. మాజీ సైనికుడనగానే ఈ ఊళ్లో ఒకటే ప్రశ్న. "అంకుల్, మిలటరీ కేంటీన్ బాటిల్ దొరుకుతుందా?" ఎన్నేళ్లు కొండల మీద నిలబడి వచ్చినా జనానికి కనిపించేది సీసాయే.

మొన్న పాత వీధి నుంచి ఒకావిడ వచ్చింది. ఆమె భర్త తాగుడు మాని రెండేళ్లయింది. ఏదో కాపలా ఉన్న ప్రభుత్వ సంస్థలో ఉద్యోగానికి పిలుపు వచ్చింది. వైద్యం సంగతి చెప్పాలా, దాచాలా అని అడిగింది.

"చెప్పమను. వైద్యం చేసిన డాక్టరు మాట కూడా జతచేయమను. ఉద్యోగం ఇస్తారో లేదో నేను చెప్పలేను, ఇవ్వకపోతే ఇవ్వకపోవచ్చు. దాస్తే మాత్రం ఎప్పుడు బయటపడుతుందోనని జన్మంతా భయపడుతూ బతకాలి," అన్నాను. "ఇంకోటమ్మా. విచారణకి మనిషి వస్తే, వీధిలో వాళ్లని నిజం చెప్పమను. మన వీధి నాకు తెలుసు."

ఆవిడ నవ్వింది. ఆ రోజు సాయంత్రమంతా నా మనసు కొండ మీద మేజర్ గుడిసెలోనే ఉంది.

ఇన్నేళ్లయినా ఆ దృశ్యం పోదు. బయట మంచు పడుతోంది. బుఖారీ మీద కెటిల్ సన్నగా కూస్తోంది. ఇనప పెట్టె మీద మడిచిన కాగితం. దాని అంచు నుంచి నా చేతిరాతలోని అంకెలు కొన్ని బయటికి కనిపిస్తున్నాయి. నాకవి ఒట్టి అంకెలు. పెట్టె తెరిస్తే నాయక్‌కి అవే మాటలు. ఎదురుగా అతను కూర్చుని ఉన్నాడు. మెడలో తాళం చెవి. రెండు చేతుల మధ్య మగ్గు. కళ్లు కాగితం వైపు పోకుండా, తలుపుకేసి చూస్తూ టీ తాగుతున్నాడు.